జరిమానా పడేనాటికి కంపెనీయే లేదు

ఫిన్లాండ్‌లో వాస్తామో అనే ప్రైవేటు మానసిక చికిత్సా సంస్థ ఉండేది. 2020 అక్టోబరులో దాని దగ్గర వైద్యం చేయించుకున్న వేలమందికి బెదిరింపు ఈ-మెయిళ్లు వచ్చాయి. మీరు థెరపిస్టుతో చెప్పుకున్న మాటలు మా చేతిలో ఉన్నాయి, బిట్‌కాయిన్లలో డబ్బు పంపకపోతే నెట్‌లో పెట్టేస్తాం అన్నది వాటి సారాంశం. సుమారు 33 వేల మంది రికార్డులు అలా బయటికి పోయాయి. తవ్వి చూస్తే దొంగ లోపలికి వచ్చింది అంతకు రెండేళ్ల కిందటే అని తేలింది. 2019 మార్చిలో మరోసారి చొరబాటు జరిగితే సంస్థ ఆ సంగతి అధికారులకు చెప్పలేదు. 2021 ఫిబ్రవరిలో వాస్తామో దివాలా తీసింది. డేటా రక్షణ అధికారులు 6,08,000 యూరోల జరిమానా వేసింది మాత్రం 2021 డిసెంబరులో. అప్పటికి ఆ జరిమానా కూడా మిగతా అప్పులవాళ్ల వరసలో వెళ్లి నిలబడాల్సిందే.

ఆరోగ్య సమాచార గోప్యత మీద చర్చ వచ్చినప్పుడల్లా చట్టం ఉందా, ఎంత గట్టిగా ఉంది అన్న దగ్గరే మాట ఆగిపోతుంది. నిజానికి చట్టాలకు కొరత లేదు. యూరప్‌లో 2018 మే నుంచి జీడీపీఆర్ అనే డేటా రక్షణ చట్టం అమల్లో ఉంది. ఆరోగ్య వివరాలను అది ప్రత్యేక వర్గంగా చూస్తుంది. తీవ్రమైన ఉల్లంఘనకు 2 కోట్ల యూరోలు, లేదా కంపెనీ ప్రపంచవ్యాప్త టర్నోవరులో 4 శాతం, రెండింటిలో ఏది ఎక్కువైతే అంతవరకు జరిమానా వేయొచ్చు. ఆస్ట్రేలియా 2022లో పెద్ద ఉల్లంఘనలకు గరిష్ఠ జరిమానాను 5 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లకు, కొన్ని సందర్భాల్లో అంతకన్నా పైకి పెంచింది. భారతదేశం 2023లో చేసిన చట్టంలో గరిష్ఠం 250 కోట్ల రూపాయలు. అంకెలు ఘనంగానే ఉన్నాయి. చిక్కంతా అమలులో ఉంది. చాలా చట్టాలు సమాచారం ఎవరి చేతిలో ఉందో చూసి కదులుతాయి. ఆర్థిక మాంద్యం, కంపెనీల విలీనం, కొత్త యాప్, దివాలా ఇలా ఏది వచ్చినా ముందుగా మారేది ఆ చేయే. తనిఖీ అధికారి పాత చిరునామాకు నోటీసు పంపుతుంటే సమాచారం కొత్త ఇంట్లో ఉంటుంది.

దీనికి అమెరికా చరిత్రంత స్పష్టమైన ఉదాహరణ ఇంకోటి దొరకదు. అక్కడి హిపా చట్టం 1996లో వచ్చింది. అందరూ దాన్ని గోప్యతా చట్టం అంటారు గానీ ఆ పేరులో గోప్యత అన్న మాటే లేదు. ఉద్యోగం మారినా ఆరోగ్య బీమా పోకుండా చూడటం, బీమా క్లెయిములను కంప్యూటర్ల మీదికి మళ్లించి ఖర్చు తగ్గించడం దాని అసలు పనులు. కంప్యూటర్ల మీదికి వెళ్తే రహస్యాల సంగతేమిటన్న ప్రశ్న వచ్చింది. దానికి మూడేళ్లలో వేరే చట్టం చేస్తామని కాంగ్రెస్ తనకు తానే గడువు పెట్టుకుంది, చేయలేకపోయింది. దాంతో ఆ బాధ్యత ఆరోగ్య శాఖ మీద పడింది. శాఖ రాసిన గోప్యతా నిబంధనలు 2003 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చాయి. అప్పట్లో అవి నేరుగా వర్తించింది మూడు వర్గాలకే: ఒకటి ఎలక్ట్రానిక్ పద్ధతిలో బిల్లులు పంపే వైద్యులు, ఆసుపత్రులు; రెండు బీమా సంస్థలు; మూడు ఆ రెండింటి మధ్య క్లెయిములను అటూ ఇటూ చేర్చే క్లియరింగ్ సంస్థలు. నగదు మాత్రమే తీసుకుని కంప్యూటరులో క్లెయిము పంపని డాక్టరు ఈ చట్టం కిందికే రాడు. నడిచిన అడుగులు లెక్కపెట్టే యాప్, నెలసరి యాప్, ఉమ్మి నమూనాతో జన్యు పరీక్ష చేసే కంపెనీ కూడా రావు. 1996లో అవేవీ లేవు మరి.

నిబంధనలు వచ్చిన మొదటి అయిదేళ్లు అమలు దాదాపు సలహాలతోనే నడిచింది. ఫిర్యాదు వస్తే సరిదిద్దుకోమని చెప్పి ఫైలు మూసేవారు. డబ్బు కట్టించిన మొదటి ఒప్పందం 2008 జులైలో, అదీ లక్ష డాలర్లకు. పద్ధతి మారింది ఎవరో గోప్యత కోసం పోరాడితే కాదు, ఆర్థిక సంక్షోభం వల్ల. 2008 కుప్పకూలుడు తర్వాత 2009 ఫిబ్రవరిలో తెచ్చిన ఉద్దీపన ప్యాకేజీలోనే హైటెక్ చట్టం ఒక భాగంగా వచ్చింది. కాగితం వదిలి కంప్యూటరు రికార్డులకు మారే ఆసుపత్రులకు వేల కోట్ల డాలర్లు ఇస్తామంది. 2008లో పదింట ఒక ఆసుపత్రిలో కూడా సరైన ఎలక్ట్రానిక్ రికార్డు లేదు. 2015 నాటికి పదింట ఎనిమిదికి పైగా ఆసుపత్రుల్లో వచ్చేసింది. ఆ డబ్బుతోపాటే కట్టుబాట్లూ వచ్చాయి: జరిమానాలు పెరిగాయి, రాష్ట్రాల అటార్నీ జనరల్‌లకూ కేసు వేసే అధికారం దక్కింది, 500 మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది వివరాలు పోతే ఆరోగ్య శాఖకు 60 రోజుల్లోగా చెప్పి తీరాలన్న నియమం పెట్టారు. అలా చెప్పిన ప్రతి సంఘటననూ ఆరోగ్య శాఖ తన సైట్‌లో పేరుతో సహా పెడుతుంది. ఆ పేజీకి ఆసుపత్రి వర్గాల్లో ‘సిగ్గు గోడ’ అని పేరు. ఉద్యోగాలు నిలబెట్టడానికి పెట్టిన ఖర్చు ఒక దేశపు రోగుల వివరాలన్నిటినీ దొంగిలించడానికి వీలైన రూపంలోకి మార్చింది. కాగితాల రోజుల్లో లక్ష మంది కేసు షీట్లు ఎత్తుకుపోవాలంటే లారీ కావాలి. ఇప్పుడు ఒక పాస్‌వర్డ్ చాలు.

జరిమానాల లెక్క ఇక్కడే విచిత్రంగా మారుతుంది. 2015లో ఆంథెం అనే బీమా సంస్థ నుంచి దాదాపు 7.9 కోట్ల మంది వివరాలు పోయాయి. 2018 అక్టోబరులో ఆ సంస్థ ఆరోగ్య శాఖకు 1.6 కోట్ల డాలర్లు కట్టి కేసు ముగించుకుంది. హిపా కింద అప్పటికి అదే రికార్డు. మనిషికి ఎంత పడిందో లెక్క కడితే సుమారు 20 సెంట్లు. అదే సంఘటన మీద బాధితులు కలిసి వేసిన దావాలో సంస్థ 11.5 కోట్ల డాలర్లకు రాజీ పడింది. ప్రభుత్వ అధికారి కన్నా ప్రైవేటు లాయర్లే ఏడు రెట్లు ఎక్కువ కట్టించారన్నమాట. ఇంకో సంగతి. వసూలైన జరిమానాల్లో కొంత వాటా నష్టపోయినవాళ్లకు చేరేలా పద్ధతి తేవాలని 2009 చట్టమే చెప్పింది. పదమూడేళ్ల తర్వాత, 2022లో కూడా ఆ పని జనం అభిప్రాయాలు అడిగే దశలోనే ఉంది.

అధికారుల చేతకానితనం అని తేల్చేయడం సులువే గానీ వాళ్ల పరిస్థితి కూడా చూడాలి. హిపాను అమలు చేసేది ఆరోగ్య శాఖలోని పౌర హక్కుల కార్యాలయం. దానికి ఏడాదికి దక్కేది సుమారు 4 కోట్ల డాలర్ల బడ్జెట్. అది ఏళ్ల తరబడి కదల్లేదు. 2017తో పోలిస్తే 2022 నాటికి ఫిర్యాదులు 69 శాతం పెరిగి 51 వేలు దాటాయి. అందులో మూడింట రెండు వంతులు ఆరోగ్య సమాచారం గురించినవే. బడ్జెట్ చాలనప్పుడు ఆ కార్యాలయానికి ఆసరా తాను వసూలు చేసే జరిమానాలే, ఎందుకంటే ఆ డబ్బు అమలు ఖర్చులకే తిరిగి వస్తుంది. 2019లో ప్రభుత్వం చట్టాన్ని మళ్లీ చదువుకుని, తెలియక జరిగిన తప్పులకు ఏడాది గరిష్ఠ పరిమితిని 15 లక్షల డాలర్ల నుంచి 25 వేలకు దించింది. గీత గీసింది ఆ శాఖే, తగ్గింది ఆ శాఖ ఆదాయమే.

ఆ తర్వాత కోర్టు దెబ్బ తగిలింది. టెక్సస్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రం వివరాలున్న ఒక లాప్‌టాప్ దొంగతనానికి గురైంది, రెండు పెన్‌డ్రైవులు పోయాయి. ఏదీ ఎన్‌క్రిప్ట్ చేసి లేదు, అంటే ఇతరులు చదవలేని సంకేత రూపంలోకి మార్చి లేదు. 33 వేలకు పైగా రోగుల వివరాలు వాటిలో ఉన్నాయి. శాఖ 43 లక్షల డాలర్లకు పైగా జరిమానా వేసింది. 2021 జనవరిలో అప్పీలు కోర్టు మొత్తం కొట్టేసింది. నిబంధన అడిగింది ఎన్‌క్రిప్షన్‌కు ఒక ఏర్పాటు ఉండాలని, ఆ సంస్థకు అలాంటి ఏర్పాటు ఉంది, ప్రతి పరికరానికీ అది నూటికి నూరుపాళ్లు పనిచేయాలని రాసి లేదు కదా అంది. వస్తువు పోవడం వేరు, దాన్ని బయటపెట్టడం వేరు అని కూడా అంది. ఇలాంటి తప్పే చేసిన ఇతర సంస్థలకు జరిమానా వేయకుండా దీనికే ఎందుకు వేశారని అడిగింది. విచారణ మధ్యలో ప్రభుత్వమే 4.5 లక్షల డాలర్లకు మించి సమర్థించుకోలేమని ఒప్పుకుంది. అప్పటి నుంచి పెద్ద ఆసుపత్రి లాయరు ఎవరైనా చర్చకు కూర్చున్నప్పుడు ఈ తీర్పు టేబుల్ మీద ఉంటుంది.

పెద్దవాళ్లు కోర్టుకెళ్లి గెలుస్తుంటే అధికారులు ఏం చేస్తారు? గెలిచే కేసులు ఏరుకుంటారు. హిపా కింద రాజీ లేకుండా వేసిన మొట్టమొదటి జరిమానా కథ ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 2011లో సిగ్నెట్ హెల్త్ అనే సంస్థకు 43 లక్షల డాలర్లు పడ్డాయి. ఏ హ్యాకరూ రాలేదు, ఏ రికార్డూ బయటికి పోలేదు. 41 మంది రోగులు తమ రికార్డులు తమకు ఇమ్మంటే ఇవ్వలేదు, అధికారులు అడిగితే జవాబు చెప్పలేదు. మొత్తంలో 30 లక్షలు ఆ జవాబు చెప్పనందుకే. 2019 నుంచి ఇదే దారిని ఒక కార్యక్రమంగా పెట్టుకుని 50కి పైగా కేసులు ముగించారు. వాటిలో ఒక్క డాక్టరుతో నడిచే క్లినిక్కులు, దంత వైద్యులు కూడా ఉన్నారు. రోగికి తన ఫైలు తన చేతికి రావడం ముఖ్యమే, అందులో సందేహం లేదు. అయినా వార్షిక నివేదికలో కేసుల సంఖ్య పెరగడానికీ, ఎక్కువమంది వివరాలు భద్రంగా ఉండటానికీ పెద్దగా సంబంధం లేదని ఈ జాబితా చూస్తే అర్థమవుతుంది.

ఈలోపు సమాచారం ఆసుపత్రి గోడలు దాటి ప్రకటనల మార్కెట్‌లోకి వెళ్లిపోయింది. మందులకు డిస్కౌంట్ కూపన్లు ఇచ్చే గుడ్‌ఆర్‌ఎక్స్ సంగతి చూడండి. మీ ఆరోగ్య వివరాలు ప్రకటనదారులకు ఇవ్వం అని మాట ఇచ్చి, ఎవరు ఏ మందు కోసం వెతికారో ఫేస్‌బుక్, గూగుల్ వంటి సంస్థలకు పంపింది. ఫలానా మందు కొన్నవాళ్ల ఈ-మెయిళ్లు, ఫోన్ నంబర్లు జాబితాగా కట్టి వాళ్లకే ప్రకటనలు చూపించింది. అది హిపా కిందికి రాదు. కాబట్టి 2023 ఫిబ్రవరిలో కదిలింది ఆరోగ్య శాఖ కాదు, వాణిజ్యంలో మోసాలను చూసే ఎఫ్‌టీసీ. వాడిన నిబంధన 2009లో రాసింది. పద్నాలుగేళ్లు బీరువాలో ఉండి మొదటిసారి బయటికొచ్చింది. జరిమానా 15 లక్షల డాలర్లు. జరిమానా కన్నా అసలు కరిచింది వేరే షరతు: ఇక మీదట ప్రకటనల కోసం ఆరోగ్య వివరాలు ఎవరికీ ఇవ్వకూడదని శాశ్వత నిషేధం. ఆన్‌లైన్ కౌన్సెలింగ్ నడిపే బెటర్‌హెల్ప్ మీద అదే ఏడాది 78 లక్షల డాలర్ల ఉత్తర్వు వచ్చింది. ఆ డబ్బు బాధితులకు పంచాలన్నారు. అర్హులు దాదాపు 8 లక్షల మంది. మనసులో బాధ ఎవరితోనూ చెప్పుకోలేక యాప్‌తో చెప్పుకున్నందుకు తలా పది డాలర్లు కూడా రాలేదు.

హిపా కిందికి వచ్చే ఆసుపత్రులు కూడా తక్కువ తినలేదు. వెబ్‌సైట్‌కు ఎంతమంది వస్తున్నారో తెలుసుకోవడానికి పెట్టుకునే చిన్న కోడ్‌ను పిక్సెల్ అంటారు. 2022లో విలేఖరులు పరిశీలిస్తే అమెరికాలోని వంద ప్రముఖ ఆసుపత్రుల్లో 33 సైట్లలో ఫేస్‌బుక్‌ను నడిపే మెటా కంపెనీ పిక్సెల్ ఉంది. అపాయింట్‌మెంట్ బటన్ నొక్కితే ఆ సంగతి ఫేస్‌బుక్‌కు చేరుతోంది. ఆసుపత్రిలో ఎవరో కుట్ర పన్ని చేసింది కాదిది. మార్కెటింగ్ విభాగం పెట్టుకున్న ఉచిత పనిముట్టు, అంతే. డాక్టరుకు తెలియదు, చాలాచోట్ల ఐటీ వాళ్లకూ తెలియదు. ఆ డిసెంబరులో ఆరోగ్య శాఖ ఇది ఉల్లంఘనే అవుతుందని సర్క్యులర్ ఇచ్చింది. ఆసుపత్రుల సంఘం కోర్టుకు వెళ్లింది. లాగిన్ అవసరం లేని పేజీని ఎవరో చూశారన్నంత మాత్రాన అది రోగి సమాచారం కాదంటూ 2024 జూన్‌లో టెక్సస్ ఫెడరల్ కోర్టు సర్క్యులర్‌లో ఆ భాగాన్ని రద్దు చేసింది. శాఖ అప్పీలు కూడా వదులుకుంది. అదే పిక్సెల్ మీద అదే ఏడాది ఆగస్టులో స్వీడన్ అధికారులు అపోతేకెత్ అనే మందుల దుకాణాల సంస్థకు 3.7 కోట్ల క్రోనర్ల జరిమానా వేశారు. టెక్నాలజీ ఒకటే, తప్పూ ఒకటే. స్వీడన్‌లో చట్టం సమాచారం స్వభావాన్ని చూసింది, అమెరికాలో అది ఎవరి పేజీలో ఏ మెట్టు దగ్గర పుట్టిందో చూసింది.

వాషింగ్టన్ రాష్ట్రం ఈ తేడాను గమనించినట్టుంది. 2023లో చేసిన చట్టంలో హిపా పరిధి బయట ఎవరి దగ్గరున్నా సరే ఆరోగ్య సమాచారమైతే చాలు, అనుమతి కావాలని రాసింది. వ్యక్తులే నేరుగా కోర్టుకు వెళ్లే హక్కు కూడా ఇచ్చింది. బడ్జెట్ చాలని అధికారి కోసం ఎదురుచూడక్కర్లేదు.

మరో మార్పు కంపెనీల కలయిక. చేంజ్ హెల్త్‌కేర్ అన్న పేరు 2024 ఫిబ్రవరికి ముందు మామూలు అమెరికన్లకు తెలియదు. ఏడాదికి 1,500 కోట్ల లావాదేవీలు దాని మీదుగా నడిచేవి: క్లెయిములు, మందుల బిల్లులు, చెల్లింపులు. దాన్ని 2022లో యునైటెడ్‌హెల్త్ అనే పెద్ద బీమా సంస్థ కొనబోతే న్యాయ శాఖ పోటీ చట్టం కింద అడ్డుకోవాలని చూసింది, కోర్టులో ఓడిపోయింది. ఆ తర్వాత ఏడాదిన్నరకే హ్యాకర్లు దొంగిలించిన లాగిన్‌తో ఒక రిమోట్ పోర్టల్ నుంచి లోపలికి వచ్చారు. ఆ పోర్టల్‌కు పాస్‌వర్డ్ తర్వాత అడగాల్సిన రెండో అంచె ధ్రువీకరణ లేదు. బ్యాంకు ఖాతాకు ఓటీపీ అడిగే రోజుల్లో ఇదీ పరిస్థితి. మందుల షాపుల్లో బీమా పనిచేయలేదు, చిన్న క్లినిక్కులకు వారాల తరబడి డబ్బు రాలేదు. కంపెనీ 2.2 కోట్ల డాలర్ల విలువైన బిట్‌కాయిన్లు కట్టింది. బాధితులు పది కోట్లని 2024 అక్టోబరులో చెప్పారు, చివరికి 19 కోట్లు దాటారు. అమెరికా జనాభాలో సగానికి పైగా. విలీనాన్ని పరిశీలించేటప్పుడు ధరలు పెరుగుతాయా, పోటీదారుల వ్యాపార రహస్యాలు చేతికి చిక్కుతాయా అని వాదించుకున్నారు. ఇంతమంది సమాచారం ఒకే తాళం వెనక పెట్టడం మంచిదేనా అన్నది అక్కడ అసలు విషయమే కాలేదు. గోప్యతా అధికారి ఎప్పుడూ తాళం పగిలాకే వస్తాడు. అంతటి సంస్థను మూయించలేరు కూడా, మూస్తే మళ్లీ మందుల షాపుల్లో క్యూలు మొదలవుతాయి.

బ్రిటన్‌లో అడ్వాన్స్‌డ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ కథ కూడా ఇలాంటిదే, పరిమాణం చిన్నది. జాతీయ ఆరోగ్య సేవకు సాఫ్ట్‌వేర్ ఇచ్చే ఈ సంస్థ మీద 2022 ఆగస్టులో కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. ఇక్కడా దారి రెండో అంచె ధ్రువీకరణ లేని ఖాతాయే. పోయినవి 79,404 మంది వివరాలు. వాటిలో 890 మంది ఇంటి దగ్గర సేవలు పొందుతున్నవాళ్లు, వాళ్ల ఇళ్లలోకి ఎలా వెళ్లాలో కూడా రాసి ఉంది. మంచం మీదున్న మనిషి ఇంటి తలుపు ఎలా తెరుచుకుంటుందో దొంగల చేతికి వెళ్లడమంటే వైద్య రహస్యం పోవడం కన్నా పెద్ద భయం. 2025 మార్చిలో 30.7 లక్షల పౌండ్ల జరిమానా పడింది. తామే సేకరించకుండా ఇతరుల తరఫున డేటా చూసుకునే సంస్థకు బ్రిటన్‌లో అలా జరిమానా పడటం అదే మొదటిసారి. మొదట అనుకున్న 60.9 లక్షల పౌండ్లు బేరసారాల తర్వాత సగానికి దిగింది.

ప్రభుత్వ ఆసుపత్రి దోషి అయినప్పుడు తకరారు ఇంకో రకం. పోర్చుగల్‌లో ఒక ఆసుపత్రిలో 296 మంది వైద్యులుంటే కంప్యూటరులో వైద్యుల హోదాతో 985 ఖాతాలు తెరిచి ఉన్నాయి. 2018లో 4 లక్షల యూరోల జరిమానా వేశారు. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? రోగుల కోసం కేటాయించిన బడ్జెట్ నుంచే కదా. ఈ ఆలోచనతోనే బ్రిటన్ 2022 నుంచి ప్రభుత్వ సంస్థలకు ఎక్కువగా మందలింపు లేఖలు ఇచ్చే పద్ధతి పెట్టుకుంది. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ మందలింపును ఎవరూ బడ్జెట్‌లో రాసుకోరు, కొత్త సర్వర్ కొనడానికి దాన్ని చూపించి డబ్బు అడగలేరు. సింగపూర్ దీన్ని కాస్త తెలివిగా తేల్చింది. 2018లో సింగ్‌హెల్త్ నుంచి ప్రధాని సహా 15 లక్షల మంది రోగుల వివరాలు పోయినప్పుడు ఆసుపత్రుల సమూహానికి 2.5 లక్షల సింగపూర్ డాలర్లు, కంప్యూటర్లు చూసుకునే సంస్థకు 7.5 లక్షలు వేశారు. తాళం ఎవరి దగ్గరుందో వాళ్ల మీద ఎక్కువ బరువు పెట్టారు.

దివాలాకు మళ్లీ వద్దాం. 23అండ్‌మీ అనే జన్యు పరీక్షల కంపెనీకి కోటీ యాభై లక్షల మంది కస్టమర్లు ఉండేవారు. 2023లో హ్యాకర్లు ఇతర సైట్ల నుంచి కారిన పాస్‌వర్డ్‌లు వాడి సుమారు 14 వేల ఖాతాల్లోకి చొరబడ్డారు. బంధువులను వెతికే సదుపాయం పుణ్యమా అని అక్కడి నుంచి 69 లక్షల మంది వివరాలు అందాయి. 2025 మార్చిలో కంపెనీ దివాలా రక్షణ కోరింది. బ్రిటన్ అధికారులు 23.1 లక్షల పౌండ్ల జరిమానా ప్రకటించింది జూన్‌లో. వాస్తామో వరసే మళ్లీ వచ్చింది. ఈసారి అదనంగా ఇంకో ప్రశ్న: అప్పులు తీర్చడానికి అమ్మాల్సిన ఆస్తుల్లో అన్నిటికన్నా విలువైనది ఆ జన్యు వివరాలే. మనిషి పాస్‌వర్డ్ మార్చుకోగలడు, జన్యువులు మార్చుకోలేడు. పైగా తన అన్నదమ్ములవీ పిల్లలవీ కూడా కొంత అందులో ఉంటాయి, వాళ్లను ఎవరూ అడగలేదు. కస్టమర్ల అనుమతి లేకుండా అమ్మకూడదని 20కి పైగా రాష్ట్రాలు కోర్టుకు వెళ్లాయి. చివరికి పాత అధినేత్రి పెట్టిన లాభాపేక్ష లేని సంస్థే 30.5 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. గోప్యతా హామీలు కొనసాగిస్తామంది. ఈ అమ్మకంలో కస్టమర్ల తరఫున ఒక స్వతంత్ర అధికారిని కోర్టు నియమించింది. అలాంటి ఏర్పాటు అమెరికా దివాలా చట్టంలోకి 2005లో వచ్చింది. 2000లో టాయ్‌స్మార్ట్ అనే బొమ్మల సైట్ మూతపడి కస్టమర్ల జాబితాను అమ్మకానికి పెట్టిన గొడవ దాని వెనక ఉంది. జన్యువుల భవిష్యత్తు తేల్చిన కోర్టు గది బొమ్మల దుకాణం కోసం రాసుకున్న నియమంతో పనిచేసింది.

పేరు తీసేస్తే సరిపోతుందన్న వాదన ఒకటి ఎప్పటి నుంచో ఉంది. 1997లో లటాన్యా స్వీనీ అనే పరిశోధకురాలు పేర్లు తొలగించిన ఆసుపత్రి రికార్డులను ఓటర్ల జాబితాతో పోల్చి మసాచుసెట్స్ గవర్నరు రికార్డు ఏదో కనిపెట్టేశారు. పుట్టిన తేదీ, లింగం, పిన్‌కోడ్ చాలాయి. 2024లో ఫ్రాన్స్ అధికారులు వైద్యుల సాఫ్ట్‌వేర్ నడిపే సెజెడిమ్ సాంతే సంస్థకు 8 లక్షల యూరోల జరిమానా వేయడానికి కారణం కూడా ఇదే కోవలోది. పేర్లు తీసేశారు గానీ ఒకే రోగి వివరాలు ఒకే గుర్తింపు సంఖ్య కింద ఒకదాని తర్వాత ఒకటి పోగవుతున్నాయి. అలా పోగైన కొద్దీ మనిషి ఎవరో తేలిపోయే అవకాశం పెరుగుతుంది. ఏఐకి కావాల్సింది సరిగ్గా అలా పోగైన చరిత్రే. బ్రిటన్‌లో రాయల్ ఫ్రీ ఆసుపత్రి 16 లక్షల మంది రికార్డులను గూగుల్‌కు చెందిన డీప్‌మైండ్ అనే ఏఐ సంస్థకు ఇచ్చింది. అది చట్టప్రకారం సరిగ్గా జరగలేదని 2017లో తేల్చారు, జరిమానా మాత్రం వేయలేదు. యూరప్ ఇప్పుడు ఇంకో దారి పట్టింది. 2025 మార్చిలో అమల్లోకి వచ్చిన ఆరోగ్య డేటా నిబంధన ప్రకారం పరిశోధకులకు ఫైళ్లు పంపరు, భద్రమైన కంప్యూటర్ వాతావరణంలోకి పరిశోధకులే వచ్చి పని చేసుకుని ఫలితంతో వెళ్లాలి. ఈ భాగం 2029లో మొదలవుతుంది.

అలాంటి సమాచారంతో ఏఐ మోడల్ తయారైపోయాక ఏం చేయాలన్నదానికి ఇప్పటివరకు దొరికిన గట్టి జవాబు 2022 మార్చి నాటిది. బరువు తగ్గించే వ్యాపారం చేసే డబ్ల్యూడబ్ల్యూ సంస్థ కుర్బో అనే యాప్‌లో ఎనిమిదేళ్ల పిల్లల నుంచి కూడా తల్లిదండ్రుల అనుమతి లేకుండా బరువు, తిండి వివరాలు తీసుకుంది. ఎఫ్‌టీసీ 15 లక్షల డాలర్లు కట్టించింది. ఆ సమాచారాన్ని చెరిపేయమంది, దాంతో తయారుచేసిన అల్గారిథమ్‌లను కూడా నాశనం చేయమంది. తప్పుడు సరుకుతో చేసిన వంటను కూడా పారబోయమన్నట్టు. ఒకే యాప్, దాని నుంచి పుట్టిన లెక్కలు కాబట్టి ఆ ఉత్తర్వు అమలుకు వీలైంది. అదే వేల మూలాల నుంచి తెచ్చిన సమాచారంతో శిక్షణ పొందిన పెద్ద మోడల్ అయితే ఎవరి రికార్డు ఎక్కడ కలిసిందో కంపెనీయే చెప్పలేదు. ఒక ఆసుపత్రి ఫైళ్లు అనుమతి లేకుండా అందులో చేరాయని రుజువైతే చెరపాల్సింది ఎంత? అంత పెద్ద మోడల్‌ను మొత్తంగా తీసేయమని ఉత్తర్వివ్వడానికి ఏ అధికారీ ఇంకా సాహసించలేదు. మెడికల్ రిపోర్టును ఫోటో తీసి చాట్‌బాట్‌కు పంపి ఇదేమిటో చెప్పమని అడిగేవాళ్లు మాత్రం పెరుగుతూనే ఉన్నారు. ఆ చాట్‌బాట్ డాక్టరూ కాదు, బీమా సంస్థా కాదు, క్లియరింగ్ సంస్థా కాదు.